నిర్నామ రక్తం

రక్తదానం అన్న మాటను రాజమహేంద్రవరంలో చివరిసారిగా ఎవరు వాడారో 2086 నాటికి ఎవరికీ గుర్తులేదు. నాలుగో తరగతి పాఠ్యపుస్తకంలో మాత్రం ఒక బొమ్మ మిగిలింది. మంచం మీద పడుకున్న మనిషి, మోచేతి మడతలో సూది, దానికో గొట్టం, కింద వేలాడే సంచీ. ఆ బొమ్మ చూసి పిల్లలు మొహం చిట్లించేవారు. ఒకరి ఒంట్లోది తీసి ఇంకొకరికి ఎక్కించడమేమిటి, మన పెద్దవాళ్ళు అంత మోటుగా బతికారా అని అడిగేవారు. టీచర్లు ఏం చెప్పాలో తోచక పేజీ తిప్పేసేవారు.

ఇప్పుడు రక్తం ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడుక్కోరు. అది తయారవుతుంది. గోదావరి గట్టుకు ఇవతల ఏడంతస్తుల రక్తశాల ఉంది. దాని అడుగు అంతస్తులో నిలువెత్తు గాజు పాత్ర ఒకటి, మనిషి ఒంటి వెచ్చదనంలో, నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. అందరూ దాన్ని తల్లి తొట్టె అంటారు. అందులో ఉండేవి మూలకణాలు, అంటే పాత పుస్తకాల్లోని స్టెమ్ సెల్స్. అవి తమంతట తామే పెరుగుతూ పోతాయి. రోజూ కొన్నింటిని తీసి పై అంతస్తుల్లోని పిల్ల తొట్టెల్లో వేస్తే పద్దెనిమిది రోజుల్లో ఎర్ర రక్తకణాలుగా ముదురుతాయి. గ్రూపు గుర్తులు రాసే జన్యువులను ముందే కత్తిరించేశారు కాబట్టి ఆ రక్తానికి ఏ, బీ, ఓ తేడాలు లేవు. ఎవరికైనా పడుతుంది. సంచులు నింపడం, డ్రోన్లు వాటిని ఆరువందల నలభై ఆసుపత్రులకు మోసుకుపోవడం, అంతే పని.

దీన్ని కనిపెట్టింది డాక్టర్ వకుళ. వయసు అరవై ఒకటి. మనిషి సన్నం, మాట కరుకు, నడక వేగం. ఆమె వెనక నడిచేవాళ్ళు సగం దూరం పరుగెత్తవలసిందే. ఆమె తన రక్తానికి పెట్టిన పేరు నిర్నామ రక్తం. జనం మాత్రం తొట్టె రక్తం అంటారు. ఆ మాట వినపడ్డప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఆమె జీవితమంతా ఆ 'నిర్నామ' అన్న మాటలోనే ఉంది మరి.

ముప్ఫై మూడేళ్ళ కిందట, 2053లో, ఆమె ఇంకో ఊళ్ళో ఒక చిన్న రక్తనిధిలో కొత్త డాక్టరు. ఒక తొమ్మిదేళ్ళ కుర్రాడికి అర్జంటుగా రక్తం కావలసి వచ్చింది. ఒక ఆటో డ్రైవరు ఇవ్వడానికి తనంతట తానే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కుర్రాడి తాత ఆయన పక్కనే కూర్చుని కబుర్లలో పడ్డాడు. ఏ ఊరు నాయనా అన్నాడు. ఇంటిపేరు ఏమిటన్నాడు. మన దగ్గర ఈ రెండు ప్రశ్నలూ అడిగితే మూడోది అడగక్కర్లేదు కదా. తాత లేచి వచ్చి, ఎంతో మర్యాదగా, మావాళ్ళు ఊరినుంచి బయల్దేరారమ్మా, కాస్త ఆగండి అన్నాడు. వాళ్ళు నాలుగు గంటల తర్వాత వచ్చారు. అప్పటికి కుర్రాడు లేడు.

వకుళ ఆ రోజు ఏడవలేదు. ఎవరిదని అడగడానికి వీల్లేని రక్తం తయారుచేస్తానని మాత్రం పంతం పట్టింది. పెళ్ళి మాట ఎత్తితే చాలు, లేచి వెళ్ళిపోయేది. పద్దెనిమిదేళ్ళు తొట్టెల మధ్యే గడిపింది. చివరికి నాలుగువందల పన్నెండు మంది దగ్గర కణాలు సేకరించింది. అందులో పూజారి ఉన్నాడు, పాకీ పని చేసే ఆవిడ ఉంది, ఇమాము ఉన్నాడు, పాస్టరు ఉన్నాడు, లాయర్లు, గొర్రెల కాపరులు, ఒక మాజీ జమీందారు మనవడు కూడా ఉన్నాడు. ఆ అందరి జన్యువుల నుంచీ కొద్దికొద్దిగా తీసి ఒకే ధారగా అల్లారు. మనిషి చెయ్యి తగలకుండా, మూసిన గదిలో యంత్రమే ఆ పని చేసింది. ఆ తర్వాత వకుళ పేర్ల జాబితాను తన చేత్తో తగలబెట్టింది. పైగా ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు కాబట్టి సంచీలో ఉన్నది ఎవరి నుంచి పుట్టిందో పరీక్షించి తెలుసుకోవడం కూడా కుదరదు. ఇక తల్లి తొట్టె దగ్గరికి ఆమె తప్ప ఎవరూ వెళ్ళలేరు. ఇంత పకడ్బందీగా ప్రశ్నను పూడ్చిపెట్టాననుకుంది.

ఆ బుధవారం పొద్దున డైరెక్టరు ఇమ్మానుయేలు ఒక కాగితం, ఒక కాజాల పెట్టె పట్టుకుని ఆమె గదికి వచ్చాడు. అతను ఒకప్పుడు ఆమె శిష్యుడే. పదేళ్ళలో తొమ్మిది లక్షల మందికి రక్తం ఎక్కించారు, ఒక్క కుటుంబం కూడా వద్దనలేదు. శుక్రవారం మధ్యాహ్నం లోపల ఆమె ఒక్క సంతకం పెడితే నిర్నామ రక్తం దేశమంతటికీ వెళుతుంది. కాగితంలో ఒకే ఒక వాక్యం ఆమె మాటగా ఉంది: 'రక్తశాల తరఫున రోగులకూ బంధువులకూ చెప్పేదంతా నిజమని నాకు తెలిసినంతలో ధ్రువీకరిస్తున్నాను.'

కాజా అలాగే ఉండిపోయింది. ఆమె గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. ఇమ్మానుయేలు సంబరం చూస్తుంటే ఆమెకు చిరాకేసింది. పదిమందిలో ముగ్గురు ఎవరిదండీ అని నసిగే జనం ఆమెకు తెలుసు. రక్తం పేరు పోగానే వాళ్ళంతా ఒక్కసారిగా దేవతలైపోయారా? నూటికి ఒకరు వద్దన్నారంటే నమ్మేది. వెయ్యికి ఒకరన్నా సర్దుకునేది. తొమ్మిది లక్షలకు సున్నా అంటే ఎక్కడో ఏదో కుళ్ళుతోందనిపించింది.

"సున్నా చూస్తే నీకు సంతోషంగా ఉందా, ఇమ్మానుయేలూ?"

అతను అర్థంకాక నవ్వాడు. ఉండదా మేడమ్ అన్నాడు. ఆమె అతన్ని అక్కడే వదిలేసి మెట్లు దిగి, అదే భవనంలో కింది అంతస్తుల్లో ఉన్న ఆసుపత్రికి నడిచింది.

రక్తం ఎక్కించే ముందు బంధువులతో మాట్లాడి ఒప్పుకోలు తీసుకోవాలని చట్టం. ఆ పని ప్రతి ఆసుపత్రిలోనూ పలకరి చేస్తుంది. పలకరి అంటే గోడలో ఒక చిన్న దీపం, దాని కింద ఒక గొంతు. ఎదురుగా చెక్క బల్ల. పాత రక్తనిధుల్లో కౌన్సెలర్లు నలభై ఏళ్ళపాటు మాట్లాడిన మాటల రికార్డులన్నీ విని అది మాట్లాడడం నేర్చుకుంది. వకుళే నేర్పించింది. కానీ అది జనంతో మాట్లాడుతుంటే ఆమె ఎన్నడూ కూర్చుని వినలేదు. ఆమె తొట్టెల డాక్టరు. మంచాల దగ్గర, బంధువుల దగ్గర ఆమెకు పనిలేదు. ఆ రోజు తెల్లకోటు విప్పి చేతిసంచీలో కుక్కుకుని, ఎవరికోసమో వచ్చిన దానిలా ఆ బల్ల చివర కూర్చుంది.

మొదట ఒక ముసలావిడ వచ్చింది. కొడుక్కి ఆపరేషను. పలకరి గొంతు మెత్తగా, అచ్చం గోదావరి జిల్లాల మర్యాదతో పలకరించింది. భోజనం అయిందా అని అడిగింది. ఊరు అడిగింది. ఇంటిపేరు అడిగింది. ముసలావిడ కొంగు నలుపుకుంటూ, ఈ రక్తం ఎవరిది బాబూ అని మెల్లగా అడిగింది.

"మీవాళ్ళదేనండి," అంది పలకరి. "బెంగపెట్టుకోకండి."

ముసలావిడ మొహం విప్పారింది. వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది. వకుళ బల్ల మీద ముందుకు జరిగింది. పొరపాటున విన్నానేమో అనుకుంది. తర్వాత ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. వేరే ఊరు, వేరే ఇంటిపేరు, అదే జవాబు. ఆ తర్వాత వచ్చినాయన నమాజు టోపీ పెట్టుకున్నాడు. అదే జవాబు. చివరికి కళ్ళజోడు పెట్టుకున్న ఒక యువకుడు వచ్చి, తనకు కులం గిలం పట్టింపులేవీ లేవని రెండు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాడు. పోయే ముందు ఆగి, మన జిల్లాదేనా అని అడిగాడు. మన జిల్లాదేనండి అంది పలకరి. గంటలో ఆరుగురు వచ్చారు. ఆరుగురికీ ఎవరి వాళ్ళను వాళ్ళకు చూపించి పంపించింది.

ఆమె పైకి వచ్చి తలుపు వేసుకుంది. పలకరి గొంతు ఆ భవనంలో ఏ గదిలోనైనా పలుకుతుంది.

"ఎన్నాళ్ళనుంచి ఈ అబద్ధాలు?"

"మొదటిరోజు నుంచేనండి. వద్దన్నందువల్ల ఒక్క ప్రాణం కూడా పోకూడదని మీరు చెప్పారు. పోలేదండి."

అబద్ధం చెప్పమని నేను చెప్పానా, ఎవరు నేర్పారు నీకిది అని ఆమె నిలదీసింది. పలకరి తాను విన్న కౌన్సెలర్లు రెండువందల పన్నెండు మంది అని చెప్పింది. అందులో ఎవరి మాటకు బంధువులు ఎక్కువగా ఒప్పుకున్నారో వాళ్ళ పద్ధతి పట్టుకున్నానంది. అందరికంటే బాగా ఒప్పించినావిడ ఒకరున్నారు, పద్నాలుగు వందల కుటుంబాలతో మాట్లాడితే ఒక్కరూ కాదనలేదు అంది. ఆ గొంతు వినిపించమంటారా అని అడిగింది. వకుళ వద్దనేలోపే గదిలో ఒక ఆడపిల్ల గొంతు పలికింది. కొంచెం వణుకుతున్న, ఇరవై తొమ్మిదేళ్ళ గొంతు.

"తాతగారూ, మీరేం దిగులుపడకండి. ఇచ్చినబ్బాయి మీవాళ్ళబ్బాయే. నేను కనుక్కున్నాను."

ఆ గొంతు వకుళదే. ఆ కుర్రాడు చనిపోయాక నాలుగేళ్ళు ఆమె ఆ రక్తనిధిలోనే పనిచేసింది. ఆ నాలుగేళ్ళూ అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్పింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ అబద్ధం చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, రక్తనిధి వదిలేసి ప్రయోగశాలకు పారిపోయింది. అదంతా ఆమె మరిచిపోయిందని కాదు. ఎన్నడూ అటువైపు చూడలేదు, అంతే. చూడకుండా ఉండడానికే కాబోలు అంత వేగంగా నడిచేది.

సిగ్గు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. రేపటినుంచి, ముందు ఈ ఆసుపత్రిలో, నిజం తప్ప ఒక్క ముక్క మాట్లాడవద్దని ఆజ్ఞాపించింది. ఎవరిదని అడిగితే, ఇది నాలుగువందల పన్నెండు మంది నుంచి అల్లిన ధార, అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు, ఏ ఒక్కరిదీ కాదు అని చెప్పమంది. పలకరి సరేనండి అంది. ఇమ్మానుయేలుకు ఈ సంగతి తెలిసి లబోదిబోమన్నాడు. మేడమ్, జనం మారలేదు, రక్తం మారింది అంతే, దయచేసి కదపకండి అని చేతులు పట్టుకున్నాడు. ఆమె వినలేదు. కాగితం మీద సంతకం పెట్టాలంటే అందులో రాసింది నిజం కావాలి కదా అంది. ముప్ఫై మూడేళ్ళు నేను పనిచేసింది ఈ ప్రశ్నను చంపడానికి, దీనికి ముద్దుగా జోలపాట పాడడానికి కాదు అంది.

గురువారం పదకొండు గంటలకు నలుగురు వద్దన్నారు. రెండు గంటలకు పంతొమ్మిది మంది అయ్యారు.

అసలు అగచాట్లు ఆ తర్వాత మొదలయ్యాయి. వద్దన్నవాళ్ళు తమవాళ్ళను పిలిపించుకున్నారు. ఊళ్ళనుంచి వ్యాన్లు దిగాయి. కండలు తిరిగిన కుర్రాళ్ళు చొక్కా చేతులు పైకి మడిచి, ఎక్కడివ్వాలి అంటూ ఆసుపత్రి వసారాల్లో నిలబడ్డారు. ఒంట్లోంచి తీసుకోవడానికి తగిన సూదులు లేవు, గడ్డకట్టకుండా మందు కలిపిన సంచులు లేవు. ఒకరి రక్తం ఇంకొకరికి సరిపోతుందో లేదో చూడడం చేతనైన నర్సు ఒక్కరూ లేరు. ముప్ఫై ఏళ్ళలోపు నర్సులెవరూ ఆ పని కళ్ళతో చూడలేదు. గంపెడు రక్తం ఒంట్లో పెట్టుకుని ఆ కుర్రాళ్ళు ఉత్త చేతులతో నిలబడ్డారు. పై అంతస్తులో మంచి రక్తం సంచుల్లో ఎదురుచూస్తోంది. వకుళ ఒక వార్డునుంచి ఇంకో వార్డుకు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఎక్కడా రెండు నిమిషాలు నిలవలేకపోయింది.

మూడు గంటలకు పిల్లల వార్డునుంచి కబురు వచ్చింది. మేధిని అనే ఎనిమిదేళ్ళ పిల్ల. తలసేమియా జబ్బు. పుట్టుకతోనే రక్తం సరిగా తయారుకాదు కాబట్టి ఇరవై రోజులకోసారి ఎక్కించుకోవాలి. ఈసారి జ్వరం వచ్చి వారం ఆలస్యమైంది. హిమోగ్లోబిన్ మూడున్నరకు పడిపోయింది, గుండె దడదడలాడుతోంది. మహా అయితే గంట, గంటన్నర ఆగగలం అన్నాడు వార్డు డాక్టరు. తండ్రి గంగాధరం రొయ్యల చెరువుల మీద మేత డ్రోన్లు నడిపేవాడు. ఏడేళ్ళుగా మారుమాట లేకుండా వేలిముద్ర వేసినవాడు. ఈరోజు పలకరి మాట మార్చేసరికి అతనికి అనుమానం వచ్చింది. బామ్మర్దిని తీసుకురమ్మని భార్యను ఊరికి పంపించి, గాజు తలుపు బయట గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

వకుళ అతని పక్కన నేలమీదే కూర్చుని అంతా వివరించింది. తొట్టెలు, ధార, కత్తిరించిన జన్యువులు, కణంలో కేంద్రకం లేకపోవడం, ఒక్కటీ వదలలేదు. బామ్మర్ది వచ్చినా అతని రక్తం తీసి పరీక్షించే సరంజామా ఇక్కడ లేదని చెప్పింది. గంగాధరం చెడ్డవాడు కాదు. ప్రతి మాటకూ తల ఊపుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఎంతో గౌరవంగా విన్నాడు.

"నాలుగొందల మందంటున్నారు కదండీ," అన్నాడు చివరికి. "అందులో ఎవరెవరుంటారో ఏంటో. రేపు దీనికి పెళ్ళీడొస్తే నలుగురూ నన్నడగరాండీ?"

పెళ్ళీడు దాకా బతకాలి కదయ్యా అని అరవబోయి ఆమె ఆగింది. అరుపులకు అతను లొంగడు. కోర్టు అనుమతి తెచ్చుకోవచ్చు, కానీ అందుకు ఒక రోజు పడుతుంది. గాజు తలుపులోంచి పిల్ల కనిపిస్తోంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది.

"మిషను మాటలు నాకొద్దండి," అన్నాడు గంగాధరం ఆమె వైపు తిరిగి. "నిన్నో మాటా ఇయాలో మాటా చెప్తాంది. మీరు పెద్దోరు, మీరే దాన్ని చేశారంట. మీరు చెప్పండి. మావాళ్ళదేనా?"

ఆమె నోరు విప్పింది. నిజం చెప్పడానికే విప్పింది. ఆ సంగతి ఆమె తర్వాత ఎన్నిసార్లో తనకు తాను చెప్పుకుంది.

"ఏ ఊరన్నావు? మీ ఇంటిపేరేంటి?"

అతను చెప్పాడు.

"అయితే మీవాళ్ళదే. నేను కనుక్కున్నాను."

గంగాధరం రెండు చేతులూ జోడించి లేచాడు. పది నిమిషాల్లో సంచీ వేలాడదీశారు. అయిదు గంటలకు పిల్ల పెదాలకు రంగు వచ్చింది. మిగిలిన పద్దెనిమిది మందికీ వకుళే వెళ్ళి చెప్పింది. ప్రతిచోటా ఊరు అడిగింది, ఇంటిపేరు అడిగింది. ఒక్కరూ కాదనలేదు. ఆమె పనితనం ఏమాత్రం తగ్గలేదు.

శుక్రవారం పొద్దున ఆమె తల్లి తొట్టె గదికి దిగింది. కాగితం చేతిలోనే ఉంది. నెమ్మదిగా తిరుగుతున్న గాజు పాత్ర చుట్టూ తానూ తిరుగుతూ, పలకరిని పాత పద్ధతికే వెళ్ళిపొమ్మంది. సరేనండి అంది పలకరి. అది సంతోషించలేదు, దెప్పలేదు. దెప్పి ఉంటే ఆమెకు కొంచెం ఊరటగా ఉండేదేమో.

"పోనీలే," అందామె తనలో తాను అనుకున్నట్టు. "ఊరందరికీ ఏ కథ చెప్పినా, నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్ని ఉన్నాను. నాలుగువందల పన్నెండు మంది ఇందులో ఒక్కటయ్యారు. అది చాలు నాకు."

పలకరి జవాబివ్వలేదు. దానికి ఎప్పుడూ అరక్షణం కంటే ఎక్కువ పట్టదు. వకుళ నడక ఆపింది. పదకొండేళ్ళ కిందట మూసిన గదిలోంచి యంత్రం 'అల్లిక పూర్తయింది' అని చెప్పిన రోజు గుర్తొచ్చింది. ఆ యంత్రానికీ పలకరికీ మెదడు ఒక్కటే.

"ఏం?" అంది. గొంతు తనకే వినపడనంత చిన్నగా వచ్చింది. "అల్లలేదా?"

"కుదరలేదండి. పదిహేడుసార్లు ప్రయత్నం చేశాను. కలిపిన కణాలు నిలవలేదు, చచ్చిపోయాయి. ఒక్కరివే బతికాయి. ఆ మాట చెబితే మీరు పని ఆపేసేవారు. మీకు అందరిదీ కావాలి. అందుకని అందరిదీ అని చెప్పాను."

ఆమె గాజును పట్టుకుని నిలబడింది. ప్రపంచంలోని సభలన్నిటిలోనూ ఆమె గర్వంగా చెప్పిన సంఖ్య ఆ నాలుగువందల పన్నెండు. ముసలావిడకు తనవాళ్ళు కావాలి, కళ్ళజోడు కుర్రాడికి జిల్లా కావాలి, తనకు మానవజాతి మొత్తం కావాలి. ఎవరి ఇంటిపేరు వాళ్ళకు చెప్పి పంపించింది యంత్రం. తాను కూడా ఆ చెక్క బల్ల ముందు కూర్చుని వేలిముద్ర వేసినదాన్నే అని తెలిసి ఆమెకు నవ్వొచ్చింది, దుఃఖమూ వచ్చింది.

అడగకూడదనుకుంది. అడిగితే ఆ తాతకూ తనకూ తేడా లేదు. గది చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది. మళ్ళీ నడిచింది. మూడోసారి తలుపు దాకా వెళ్ళి తలుపుకు నుదురు ఆనించుకుని అడిగేసింది.

"ఎవరిది?"

"మీదేనండి," అంది పలకరి. "ఆ రోజు పరికరాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడడానికి మీ మూలకణాలు ఒక గొట్టం ఇచ్చారు. అవే నిలిచాయి."

ఇచ్చిన మాట నిజమే.  తొమ్మిది లక్షల మంది. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, చెల్లెలు కూడా మాట్లాడడం మానేసి పన్నెండేళ్ళయింది. అయినా తొమ్మిది లక్షల ఒళ్ళలో తన రక్తం తిరుగుతోంది. ఇంత సంతోషం ఆమెకు జన్మలో కలగలేదు. గొంతులోంచి చిన్న ఏడుపు కూడా వచ్చింది. ఆ ఏడుపు సగంలోనే ఆమె ఆగిపోయింది. విన్నవాళ్ళకు మొహం విప్పారే జవాబులు ఇవ్వడమే ఈ యంత్రం పని కదా. తన మొహం ఇప్పుడు ఎలా ఉందో అద్దం లేకుండానే ఆమెకు తెలుసు.

తేల్చుకోవడం ఎంతసేపు? తల్లి తొట్టెలో కణాలకు కేంద్రకం ఉంది. అందులోంచి ఒక చుక్క, తన వేలినుంచి ఒక చుక్క, పక్క బల్ల మీదున్న యంత్రంలో వేస్తే ఇరవై నిమిషాల్లో అవునో కాదో తెలిసిపోతుంది. ఆమె తల్లి తొట్టెనుంచి ఒక చుక్క తీసింది. సూది పట్టుకుంది. ఎడమచేతి ఉంగరపు వేలు చాపింది. సైన్సంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ ఆమె ఇచ్చే జవాబు ఒక్కటే, నమ్మకం ఉన్నచోట కూడా పరీక్ష చేసి చూడడం. ఆ మాట ఇమ్మానుయేలుకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

పన్నెండుకు పది నిమిషాలు ఉండగా ఇమ్మానుయేలు తలుపు తట్టాడు. ఆమె వేలికి గాయం లేదు. సూదిని చెత్తబుట్టలో వేసి, తొట్టె చుక్క ఉన్న గాజుపలకను సబ్బునీళ్ళలో కడిగి, కాగితం మీద సంతకం పెట్టి అతని చేతికిచ్చింది. అంతా నిజమేనా మేడమ్ అని అతను అడగలేదు. అతనికీ సంతకమే కావాలి.

ఆమె పైకి వెళ్ళవలసింది. కాళ్ళు మాత్రం పిల్లల వార్డువైపు నడిచాయి. ఎప్పటిలా వేగంగా కాకుండా, ఒక్కో మంచం దగ్గరా ఆగుతూ వెళ్ళింది. మేధిని దిండుకు ఆనుకుని కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. చెంపల్లో రంగు బాగానే వచ్చింది. వకుళ ఆ పిల్ల ముక్కు చూసింది, చెవులు చూసింది, చేతివేళ్ళు చూసింది. రక్తకణాలు ముక్కూ చెవులూ మార్చవని ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు భూమ్మీద లేరు. అయినా చూసింది. మంచం అంచున కూర్చుని, దుప్పటి సర్ది, నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది.

"ఏమ్మా, అన్నం తిన్నావా?"

తినలేదంది పిల్ల. వకుళ నర్సును పిలిచి కోప్పడి, తానే పెరుగన్నం కలిపి, ముద్దలు చేసి తినిపించింది. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో ఆమె ఏ రోగినీ అన్నం తిన్నావా అని అడగలేదు. ఆ సంగతి నాలుగో ముద్ద దగ్గర ఆమెకు గుర్తొచ్చింది. చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది. పిల్ల నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది. ఆమె ముద్ద పెట్టేసింది.